భయపెట్టడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలు! తెలుగులో అన్నిటికీ ఒకటేనా?

వేపపూత
అందరికీ నమస్కారం. పిల్లల కథల సంకలనం కోసం ఒక ఇంగ్లీషు కథను తెలుగు చేస్తున్నాను. పదేళ్ళ అమ్మాయి వాన కురిసే రాత్రి ఒంటరిగా తాతగారి పాత ఇంటికి వెళ్ళే కథ. ఒక్క పేజీలోనే స్టార్టిల్, ఫ్రైటెన్, స్కేర్, అలార్మ్, టెర్రిఫై, పెట్రిఫై అన్నీ వచ్చాయి. నా మొదటి ప్రతి చదువుకుంటే పిల్ల భయపడింది, మరింత భయపడింది, చాలా భయపడింది, విపరీతంగా భయపడింది అని ఉంది. నిఘంటువు తీస్తే దాదాపు ప్రతి మాటకూ మొదటి అర్థం 'భయపెట్టు' అనే కనిపిస్తోంది. మూలంలో ఆ పిల్ల ఒక్కో మెట్టు ఎక్కుతుంటే, నా తెలుగులో మొదటి మెట్టు మీదే నిలబడిపోయింది. ఈ మాటల మధ్య తేడా తీవ్రత ఒక్కటేనా, ఇంకేమైనా ఉందా? తెలిసినవారు చెప్పండి.

సందేహి
తీవ్రతేనండీ. స్కేర్ కొంచెం, ఫ్రైటెన్ ఇంకొంచెం, టెర్రిఫై బాగా ఎక్కువ. పోటీ పరీక్షల పుస్తకాల్లో వీటిని పర్యాయపదాలుగానే ఇస్తారు. 'కొంచెం', 'బాగా' అని చేర్చుకుంటే సరిపోతుంది కదా?

బడిగంట
సందేహి గారూ, సరిపోదండీ. ఇరవై రెండేళ్ళుగా ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్నాను. ఆ పర్యాయపదాల పట్టికలు పిల్లలకు మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తున్నాయని నా గట్టి నమ్మకం.

తరగతిలో ఇలా చేసి చూపిస్తాను. బోర్డు వైపు తిరిగి రాస్తున్నవాణ్ణి ఉన్నట్టుండి డస్టరుతో బల్ల మీద ఫట్టుమని కొడతాను. మూడో వరుసలో కిటికీలోంచి బయటికి చూస్తున్న పిల్లవాడు కూర్చున్నచోటే ఎగిరిపడతాడు. మరుక్షణం నవ్వేస్తాడు. వాడికి నేనంటే భయం లేదు, డస్టరంటే అసలే లేదు. ఒళ్ళు ముందు కదిలింది, మనసు తర్వాత వచ్చింది. అది స్టార్టిల్. తెలుగులో ఉలికిపాటు, తుళ్ళిపాటు. పుట్టినరోజు కానుక చూసి కూడా ఉలిక్కిపడవచ్చు. అందుకే దాన్ని 'కొంచెం భయం' అనకూడదు. అది భయం లెక్కలోకే రాదు.

పిల్లలకు నేను చెప్పే కిటుకు ఒక్కటే. ఎంత భయం అని అడగవద్దు, ఆ భయం వల్ల ఆ మనిషి ఏం చేశాడు అని అడగండి. ఎగిరిపడితే స్టార్టిల్. కాళ్ళూ చేతులూ ఆడక నిలబడిపోతే పెట్రిఫై. దిక్కు తెలియక పరుగెత్తితే పానిక్. చేయదలచిన పనికి వెనుకంజ వేస్తే డాంట్. ఇష్టం లేని పనికి ఒప్పుకుంటే ఇంటిమిడేట్. లేచి ఏదో ఒకటి చేయాలని తోస్తే అలార్మ్. పని తెలిస్తే మాట దొరుకుతుంది, తెలుగులోనూ దొరుకుతుంది.

వేపపూత
బడిగంట గారూ, ఈ ఒక్క ప్రశ్నతోనే నాకు సగం దారి కనిపించింది. స్కేర్, ఫ్రైటెన్ మాటేమిటి? ఈ రెండిటికీ మనిషి చేసే పని ఒకటేలా ఉంది.

బడిగంట
ఆ రెండూ నిజంగానే చాలా దగ్గర. స్కేర్ మాటల్లో ఎక్కువ వినబడుతుంది, ఫ్రైటెన్ కాస్త రాత భాష. స్కేర్‌లో ఆకస్మికత ఉంటుంది, అది తొందరగా వచ్చి తొందరగా పోతుంది. ఇంతకు మించి తేడా గట్టిగా పట్టుకోలేము.

పొలంగట్టు
పట్టుకోవచ్చండీ, పొలంలోకి వస్తే. స్కేర్ అనగానే ఇంగ్లీషువాళ్ళకు గుర్తొచ్చేది స్కేర్‌క్రో, కాకుల్ని బెదరగొట్టే బొమ్మ. మా జొన్నచేలో కంకి పాలు పోసుకునే రోజుల్లో మా నాయన రెండు కర్రలు అడ్డంగా కట్టి, తన పాత చొక్కా తొడిగి, పైన సున్నం బొట్లు పెట్టిన కుండ బోర్లించేవాడు. మొదటి రోజు ఒక్క పిట్ట వాలేది కాదు. రెండో రోజు చేను చివర వాలేవి. నాలుగో రోజు పొద్దున్నే వెళ్ళి చూస్తే ఆ బొమ్మ చేతి మీదే రెండు పిచ్చుకలు కూర్చుని ఈకలు సవరించుకుంటున్నాయి. అప్పుడు మంచె వేసి, ఒడిసెల పట్టుకుని, రేకు డబ్బా వాయించుకుంటూ కూర్చోవలసి వచ్చేది నేనే.

ఆ పనిని మేము ఎప్పుడూ 'పిట్టల్ని భయపెట్టడం' అనలేదు, 'పిట్టలు తోలడం' అన్నాము. ఇంగ్లీషులో స్కేర్ పక్కన 'దూరంగా' అనే మాట చేరితే అర్థం అదే. అక్కడ భయం ముఖ్యం కాదు, వెళ్ళగొట్టడం ముఖ్యం. కొనుగోలుదారుల్ని ధర 'స్కేర్' చేసి దూరం చేసిందంటే మనం 'ధర విని పారిపోయారు' అంటాము. అక్కడ 'భయపెట్టింది' అని రాస్తే తెలుగు ముఖం మాడిపోతుంది.

ఇంకో మాట. ఎద్దును కొనేటప్పుడు 'బెదురు గొడ్డు' అవునా కాదా అని చూస్తారు. గొడుగు తెరిస్తే పక్కకు దూకే గొడ్డు అది. ఆ బెదురే స్కేర్ అని నాకనిపిస్తుంది.

నిరుక్తం
పొలంగట్టు గారికి తెలియకుండానే మూలాన్ని ముట్టుకున్నారు! స్కేర్ ఇంగ్లీషువాళ్ళ సొంత మాట కాదు, స్కాండినేవియా నుంచి సముద్రం దాటి వచ్చి స్థిరపడినవాళ్ళ భాషది. ప్రాచీన నార్స్‌లో దాని మూలానికి అర్థం బెదురు, పిరికి. మీ బెదురు గొడ్డే. ఫ్రైటెన్ మాత్రం ప్రాచీన ఇంగ్లీషు నుంచి ఇంట్లోనే పెరిగిన మాట.

మాటల పుట్టుక మీద మోజుతో నలభై ఏళ్ళు గడిపినవాణ్ణి, కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి. ఈ జాబితాలో సగం మాటలు మనకు దూరపు చుట్టాలు.

టెర్రిఫైలోని లాటిన్ ధాతువుకు మొదటి అర్థం వణకడం. సంస్కృతంలో దాని తోబుట్టువు 'త్రస్'. త్రాసం, సంత్రాసం, భయత్రస్తుడు అన్నవి అక్కడివే. హారిఫైలోని లాటిన్ ధాతువుకు అర్థం వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం. దాని తోబుట్టువు సంస్కృతంలోని 'హృష్'. అవును, మన హర్షం! మనకు ఆ మాట సంతోషం వైపు వెళ్ళింది, వాళ్ళకు దారుణం వైపు వెళ్ళింది. రోమహర్షణంలో మాత్రం రెండు అర్థాలూ ఇంకా కలిసే ఉన్నాయి. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు ఒళ్ళు వణుకుతోంది, రోమహర్షం కలుగుతోంది అని వాపోతాడు. పద్దెనిమిదో అధ్యాయం చివర సంజయుడు తాను విన్న సంవాదాన్ని అద్భుతం, రోమహర్షణం అని పొంగిపోతాడు. వెంట్రుకలు నిలబడటం ఇద్దరికీ ఒకటే. ఒకరికి దుఃఖం, ఒకరికి ఆనందం. తెలుగులో గగుర్పాటు కూడా అటూ ఇటూ చెల్లుతుంది.

డాంట్ ఇంకా వింత. లాటిన్‌లో మచ్చిక చేయడం, లొంగదీయడం అనే మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. దాని చుట్టం మన 'దమ్' ధాతువు. దమనం, దమయంతి, అరిందముడు అందులోంచి పుట్టినవే. కాబట్టి డాంట్ అంటే భయపెట్టడం కన్నా పొగరు అణచడం, ఉత్సాహం కుంగదీయడం. అపాల్ అంటే మొదట పాలిపోవడం, రంగు వెలవడం. తెలుగువాడు అదే బొమ్మను సొంతంగా గీసుకున్నాడు: తెల్లబోయాడు, ముఖం వెలవెలబోయింది. ఎక్కడి ఫ్రెంచి, ఎక్కడి తెలుగు! భయానికి రక్తం ముఖాన్ని వదిలిపోవడం అందరూ చూసిందే కదా.

పెట్రిఫైలో ఉన్నది రాయి. మనిషి రాయి కావడం. తెలుగులో రాయికన్నా కొయ్య ఎక్కువ: కొయ్యబారిపోవడం, మ్రాన్పడటం. మ్రాను అంటే చెట్టే.

సందేహి
నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. ఒక ప్రశ్న మిగిలింది. టెర్రిఫై అంత భయంకరమైన మాట అయితే టెర్రిఫిక్ అంటే 'అద్భుతం' అని ఎలా అయింది?

నిరుక్తం
మొదట టెర్రిఫిక్ అంటే వణికించేదే. తర్వాత 'మహా పెద్ద', 'మహా గట్టి' అయింది, ఆపైన మెచ్చుకోలు అయింది. తెలుగులో ఇది మన కళ్ళెదుటే జరిగింది. అదరడం అంటే వణకడం. అదరగొట్టడం అంటే వణికించడం. ఇప్పుడు పాట బాగా పాడిన పిల్లను 'అదరగొట్టింది' అంటాము. లాటిన్‌లో వణుకు, తెలుగులో వణుకు, రెండూ చప్పట్లలోకే వెళ్ళాయి.

దస్తావేజు
ఈ చర్చ నిన్ననే చూశాను. జిల్లా కోర్టులో పద్దెనిమిదేళ్ళు అనువాదాల పని చేశాను. అక్కడ ఈ తేడాలకు ఒక మనిషి జైలుకు వెళ్ళడమో ఇంటికి వెళ్ళడమో ముడిపడి ఉంటుంది. అందుకే ఎవరైనా 'ఏ మాటైతే ఏముంది' అంటే నాకు మనసు ఒప్పదు.

ముందు ఒక పరీక్ష. 'వాడు బెదిరించాడు, కానీ ఆమె బెదరలేదు' అనండి. వాక్యం నిలబడుతుంది. 'వాడు భయపెట్టాడు, కానీ ఆమె భయపడలేదు' అనండి. ఏదో తొట్రుపాటు ఉంది. 'భయపెట్టాలని చూశాడు' అని సవరించుకోవాలనిపిస్తుంది. ఎందుకంటే భయపెట్టడంలో భయం పుట్టిన తర్వాతే ఆ మాట పూర్తవుతుంది. బెదిరించడం మాత్రం నోరు జారిన క్షణంలోనే పూర్తయిపోతుంది, ఎదుటివాడు వణికినా నవ్వినా సరే. ఇంగ్లీషులో ఫ్రైటెన్, త్రెటన్ మధ్య తేడా సరిగ్గా ఇదే. ఇంకా చెప్పాలంటే బెదిరించు అన్నది బెదురు నుంచి పుట్టిన ప్రేరణ క్రియ. పుట్టుకలో అది 'బెదిరేలా చేయు'. వాడుకలో ఫలితాన్ని వదిలేసి చేతను పట్టుకుంది.

చట్టం కూడా మాటల్ని ఇలాగే ఏరుకుంది. 1860 నాటి భారతీయ శిక్షా స్మృతిలో 503వ సెక్షన్ పేరు క్రిమినల్ ఇంటిమిడేషన్. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 351వ సెక్షన్. ఆ ఒక్క నిర్వచనంలో మూడు మాటలు మూడు చోట్ల ఉన్నాయి. ఒంటికో, పరువుకో, ఆస్తికో హాని చేస్తానని త్రెటన్ చేయాలి. అది చేత. ఆ మనిషికి అలార్మ్ కలిగించాలనో, చేయనక్కరలేని పని చేయించాలనో, చేసే హక్కున్న పని మాన్పించాలనో ఉద్దేశం ఉండాలి. అది గురి. ఈ మొత్తానికి పెట్టిన పేరు ఇంటిమిడేషన్. బడిగంట గారు చెప్పిన 'ఆ మనిషి ఏం చేశాడు' అన్న ప్రశ్న చట్టం లోపలే కూర్చుని ఉంది చూడండి.

అదే స్మృతిలో 383వ సెక్షన్, బలవంతపు వసూలు, ఇప్పటి సంహితలో 308. అక్కడ అలార్మ్ లేదు. హాని జరుగుతుందన్న ఫియర్‌లోకి మనిషిని నెట్టి సొమ్ము రాబట్టడం అని ఉంది. అక్కడ భయం నిజంగా పుట్టి, చేతిలోంచి డబ్బు జారి పడాలి.

ఒకసారి ఒక ముసలావిడ వాంగ్మూలం అనువదించాను. 'వాడు గుమ్మంలో నిలబడి గుడ్లురిమి చూశాడు, ఏమీ అనలేదు, నేనే జడుసుకుని సంతకం పెట్టాను' అంది. నేను 'బెదిరించాడు' అనే అర్థం వచ్చే మాట రాయబోయి ఆగాను. ఆవిడ ఆ మాట అనలేదు. ఆవిడ అన్నది చూపు, జడుపు, సంతకం. ఆ మూడూ విడివిడిగానే రాశాను. తీర్పు చెప్పడం అనువాదకుడి పని కాదు.

పొలంగట్టు
మీ చివరి మాటలు రెండుసార్లు చదివాను. చేతులెత్తి నమస్కారం.

రాత్రిడ్యూటీ
టెక్సస్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. మా పనిలో అలార్మ్ రోజుకు పదిసార్లు వినే మాట, యంత్రాల మోత కాదు, క్రియ. రోగిని అలార్మ్ చేయకుండా విషయం చెప్పండి అంటారు డాక్టర్లు. మొదట్లో నేను దీన్ని 'భయపెట్టకుండా' అని అర్థం చేసుకున్నాను. తర్వాత తెలిసింది, ఫ్రైటెన్ చేయవద్దు అన్నప్పుడు మనిషి మనసు గురించి ఆలోచిస్తున్నారు, అలార్మ్ చేయవద్దు అన్నప్పుడు ఆ మనిషి మంచం దిగి బంధువులందరికీ ఫోన్లు మొదలుపెడతాడని ఆలోచిస్తున్నారు. ఏదో ముంచుకొస్తోంది, వెంటనే ఏదైనా చేయాలి అనే తొందర ఆ మాటలో ఉంది.

మా వార్డులో ఒక తెలుగు పెద్దావిడకు రక్తపరీక్ష ఫలితం చెప్పవలసి వచ్చింది. డాక్టర్ అన్న వాక్యాన్ని 'కంగారు పడవలసిందేమీ లేదమ్మా, కానీ పట్టించుకోవాలి' అని చెప్పాను. 'భయపడవలసిందేమీ లేదు' అని ఉంటే ఆవిడ నిజంగానే భయపడేది. భయం అన్న మాట మేమే ఆవిడ చేతిలో పెట్టినట్టయ్యేది.

నిరుక్తం
అమ్మా, చక్కగా చెప్పారు. అలార్మ్ పుట్టుకలోనే ఆ తొందర ఉంది. ఇటాలియన్‌లో 'ఆయుధాలు పట్టండి' అనే కేక అది. కేక మాటయింది, మాట గంటయింది, గంట గడియారంలోకి ఎక్కింది. తెలుగులో కంగారు, గాభరా దీనికి దగ్గర. పత్రికల్లో ఆందోళనకరం అని రాస్తారు. అదీ చెల్లుతుంది. కాకపోతే ఆందోళన అంటే ధర్నా కూడా కావడంతో ఒక్కోసారి వాక్యం చిక్కుపడుతుంది.

సందేహి
పానిక్ కూడా అలాగేనా?

నిరుక్తం
పానిక్‌లో పని ఉంది కానీ ఆలోచన లేదు. గ్రీకుల పాన్ దేవుడు కొండకోనల్లో మందల కాపరి. నిర్జనంగా ఉన్న చోట మందలు, మనుషులు కారణం లేకుండా ఉన్నట్టుండి బెదిరిపోతే అది ఆయన పనే అనుకునేవారు. మనకు 'అదిగో పులి అంటే ఇదిగో తోక' ఉంది. బెంబేలెత్తడం, కకావికలు కావడం పానిక్‌కు సరిగ్గా అతుకుతాయి. అలార్మ్ విన్నవాడు తలుపు గడియ వేస్తాడు, పానిక్ పట్టినవాడు తలుపు తీసి చీకట్లోకి పరుగెడతాడు.

బడిగంట
ఉత్తరకుమారుణ్ణి ఎవరూ తలుచుకోలేదే! మా పిల్లలకు నేను అతని మీదే ఈ పాఠం చెబుతాను. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కౌరవుల్ని ఒంటిచేత్తో గెలుస్తానన్నాడు. రథం ఊరు దాటి ఆ సేనను కళ్ళారా చూసేసరికి ఒళ్ళు గగుర్పొడిచింది. ఎవరూ అతని మీద బాణం వేయలేదు, ఎవరూ పేరు పెట్టి బెదిరించలేదు. సేన ఊరికే అక్కడ నిలబడి ఉంది. అది చూసి గుండె జారింది. అక్కడ డాంట్. రథం దూకి పరుగు లంకించుకున్నాడు. అక్కడ పానిక్. బృహన్నల వెంటపడి పట్టుకుని, తాను అర్జునుడినని చెప్పి ధైర్యం నూరిపోసి, అతన్నే సారథిగా కూర్చోబెట్టింది. ఆ తర్వాత అదే సేన ముందుకు పగ్గాలు పట్టుకుని వెళ్ళాడు. ఆ క్షణంలో అతను అన్‌డాంటెడ్.

ఇంటిమిడేట్ గురించి ఒక్కటి చేర్చాలి. దస్తావేజు గారు చెప్పింది చట్టం అర్థం, అక్కడ ఉద్దేశం తప్పనిసరి. మామూలు వాడుకలో ఉద్దేశం లేకుండా కూడా మనిషి ఇంటిమిడేటింగ్‌గా ఉండవచ్చు. మా ఊళ్ళో ఒక వేదపండితులు ఉండేవారు. ఎవర్నీ పల్లెత్తు మాట అనేవారు కాదు. అయినా ఆయన అరుగు ముందు నుంచి వెళ్ళాలంటే మా గొంతులు తగ్గిపోయేవి, నడక మారేది. దాన్ని 'ఆయన బెదిరించేవారు' అని తెలుగు చేస్తే మహాపాపం. ఆయనంటే మాకు బెరుకు. బెరుకు, బెదురు, బెదిరింపు మూడూ మూడు దారులు.

వేపపూత
కౌ అని ఇంకో మాట తగిలింది. కథలో కాదు, వేరే వ్యాసంలో. ఆవుకూ దానికీ సంబంధం ఉందా?

నిరుక్తం
లేదమ్మా, అక్షరాలు కలిశాయంతే. అణచివేయడం అనే అర్థమున్న నార్స్ మాట నుంచి వచ్చి ఉంటుందని పెద్దల అభిప్రాయం. ఇంటిమిడేట్ అయినవాడు ఒక పనికి ఒప్పుకుంటాడు, కౌ అయినవాడు ఇక నోరే ఎత్తడు. కిక్కురుమనకుండా చేయడం అనండి.

వేపపూత
మీ అందరి మాటలూ పక్కన పెట్టుకుని రాత్రి ఆ పేజీ మళ్ళీ రాశాను. చూసి చెప్పండి.

'గొళ్ళెం టక్కుమనగానే ఉలిక్కిపడింది. పిల్లి అని తెలిసి నవ్వుకుంది. వసారాలో దీపం ఆరిపోయేసరికి భయం వేసింది. మేడ మీద ఏదో దొర్లిన చప్పుడు. తాతయ్యకు ఏమైందోనని గాభరాపడి గట్టిగా పిలిచింది. బదులు లేదు. మెట్ల మలుపులో తెల్లటి ఆకారం ఒకటి కదిలింది. ఒళ్ళంతా వణుకు పుట్టింది. ఆ ఆకారం తనను పేరు పెట్టి పిలిచేసరికి కొయ్యబారిపోయింది. అంతలో పైనుంచి తాతయ్య మూలుగు వినిపించింది. భయం లేకుండా మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.'

రాత్రిడ్యూటీ
'గాభరాపడి గట్టిగా పిలిచింది' చాలా బాగుంది. అదే అలార్మ్.

పొలంగట్టు
మెట్ల మలుపు దగ్గర నాకే వణుకు పుట్టింది.

బడిగంట
అంతా బాగుంది. చివరి వాక్యం ఒక్కటి ఆలోచించండి. మూలంలో అక్కడ ఏ మాట ఉంది?

వేపపూత
అన్‌డాంటెడ్ అని ఉందండీ.

బడిగంట
అయితే 'భయం లేకుండా' కాదు. ఆ పిల్లకు భయం ఇంకా ఉంది, క్షణం కిందటే కొయ్యబారిపోయిన పిల్ల కదా. భయం ఉన్నా వెనక్కి తగ్గలేదు, అదీ ఆ మాట.

వేపపూత
అవునండీ. 'వణుకు ఇంకా తగ్గలేదు. అయినా జంకకుండా మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.' ఇలా మార్చాను. పొద్దున ప్రతి పంపించేస్తాను.